కడిగేసిన నవ్వు

హిందూపురంలో మా బెల్లం అంగడికి ఎదురుగా సాబ్జాన్ ఫొటో స్టూడియో ఉండేది. మనిషి మంచివాడే, మొండితనంలో మాత్రం ఆయనకు సాటి లేదు. ధర్మవరంలో ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నాడు. అక్కడ పట్టుచీరల షావుకార్లు బిగుసుకుని, నోరు మూసుకుని ఫొటో దిగేవాళ్లట. ఫొటో అంటే అదేనని ఈయనకు తలకెక్కింది. పసిపిల్లైనా సరే, పళ్లు కనపడితే ఒప్పుకునేవాడు కాదు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ.

యాభై ఆరులో పెనుకొండ తిప్పమ్మ చింతపండు అమ్మడానికి వచ్చి, కూతురు గంగులమ్మను స్టూడియోకు తీసుకొచ్చింది. సాబ్జాన్ కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకోగానే ఆ పిల్లకు నవ్వాగలేదు. పన్ను మీద పన్ను బయటపడేలా నవ్వింది. ఆ నవ్వుతోనే ఒక ఫొటో పడింది.

"మూతి ముయ్యి! నూరేండ్లు ఉండేది, ఆటనుకుంటివా?" అని కసిరాడు సాబ్జాన్. పిల్ల బిక్కచచ్చిపోయింది. అప్పుడు రెండోది తీశాడు.

"మొదటిది గూడా చూపీ సాయిబూ," అంది తిప్పమ్మ.

"అది ఫొటో కాదమ్మా, కోతిచేష్ట," అని రెండోదానికే ఫ్రేము కట్టి ఇచ్చాడు.

మరుసటేడు కలరాలో గంగులమ్మ పోయింది. కొన్నాళ్లకు తిప్పమ్మ ఆ ఫ్రేము పట్టుకుని వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"ఈ పిల్ల ఎవరో నాకు తెల్దు సాయిబూ. నా బిడ్డ ఎప్పుడూ ఇట్ల కూసోలేదు. దీన్నే చూసీ చూసీ దాని మొగం మర్సిపోతాండా. ఆ పొద్దు నవ్వింది గదా, ఆ ఫొటో ఇయ్యి."

అప్పట్లో ఫొటో గాజుపలక మీద పడేది. నచ్చని పలకను వేడినీళ్లలో కడిగేస్తే వట్టి అద్దం మిగులుతుంది, ఫ్రేములకు పనికొస్తుంది.

"కడిగేస్తినమ్మా," అన్నాడు సాబ్జాన్. "నాకు నచ్చలేదని కడిగేస్తి. ఆ అద్దమే... నీ చేతిలో ఉండే ఫ్రేముకు ఏస్తి."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన ప్రాణానికి సుఖంగా ఉండేది. ఫ్రేము వెనక మేకులు ఊడదీయించి, అద్దం మాత్రం తీసుకుని కొంగులో చుట్టుకుంది. ఫొటోను బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వే పెట్టుకో. నీకు నచ్చిందే గదా."

ఆ తర్వాత సాబ్జాన్ ఎవరినీ నోరు మూసుకోమనలేదు. "నవ్వమ్మా, రవ్వంత నవ్వప్పా" అని బతిమాలేవాడు. ఒక్కరూ నవ్వేవాళ్లు కాదు. వాళ్ల ఇళ్లలో ఆయన తీసిన ఫొటోలే ఉన్నాయి, అన్నీ మూతి బిగించినవే.

"ఫొటోలో నవ్వితే ఏం బాగుంటాది సాయిబూ?" అని ఆయనకే బుద్ధి చెప్పేవాళ్లు.