చుక్కాని ముందు పెట్టిన మా బావ

మొన్న మంగళవారం పొద్దున నరసరావుపేటలో మా బావ పోయాడు. అక్క మొగుడు. నాలుగు రోజులు జ్వరం, ఐదో రోజు కాఫీ అడిగి, తాగకుండానే వెళ్ళిపోయాడు. నేను గురజాల నించి రైలెక్కి వచ్చేసరికి వాకిట్లో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చానామంది ఉన్నారు. అందులో సగం మందికి బొమ్మ గీయడం ఇప్పటికీ రాదు. అయినా వచ్చారు.

ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఆ ఉద్యోగానికి మా వైపు ఏపాటి గౌరవమో చెప్పక్కర్లేదు. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసు ఈయనకే అంటగట్టేవాళ్ళు, ఖాళీగానే ఉంటాడు గదా అని. ఆయన పెన్సిలు చెక్కుకుంటూ, పొట్టు కండువా కొంగులో పోసుకుంటూ, పిల్లల్ని కిటికీలోంచి బయటికి చూడమనేవాడు. "చూడంది గీయమాకండిరా" అనేది ఆయన మాట. రోజుకు పదిసార్లు అనేవాడు.

వేసవి సెలవులియ్యంగానే ఒక్కడే సముద్రం ఒడ్డు ఊళ్ళకి బయల్దేరేవాడు. సంచిలో జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, రెండు పంచెలు, బొమ్మల పుస్తకం. గుంటూరు దాకా ఒక రైలు, రేపల్లె దాకా ఇంకో రైలు, ఆపైన బస్సు. బస్సు లేకపోతే నడక. రైల్లో ఎప్పుడూ వెనక్కి మొహం పెట్టి కూర్చునేవాడు. ఎందుకు బావా అంటే, "ముందుకి తిరిగి కూర్చుంటే వచ్చిన చెట్టు వచ్చినట్టే పోద్దిరా. ఇట్టా కూర్చుంటే చానాసేపు కనపడుద్ది" అన్నాడు.

అక్కకి ఈ తిరుగుడు గిట్టేది కాదు. రాళ్ళల్లో పుట్టినోడికి నీళ్ళతో ఏం పని అని ఆమె గోల. పోయినోడు తిరిగొస్తాడో రాడో అని భయం. ఆ భయం తిట్ల రూపంలో బయటికొచ్చేది. నేను అక్క పక్షమే. ఇంటిపట్టున ఉండలేని మొగాడంటే నాకూ మంటే.

యుద్ధం రోజుల్లో ఒక వేసవి, కోర్టు సెలవులకి నేను అక్కావాళ్ళింట్లో ఉండగా తంతి వచ్చింది. అప్పట్లో తంతి అంటే చావు కబురే. విప్పకముందే అక్క ఏడుపు మొదలుపెట్టింది. తీరా చదివితే, రేపల్లె అవతల చేపలు పట్టే పల్లెకారుల ఊళ్ళో బావని ఠాణాలో కూర్చోబెట్టారనీ, ఎవరైనా వచ్చి పూచీ పడాలనీ ఉంది. శత్రువుల ఓడలు వస్తాయని ఒడ్డంతా హడిలిపోయి ఉన్న కాలం. కోటు తొడుక్కున్న కొత్త మనిషి, ఊళ్ళో చుట్టం లేడు, చేపలు కొనడు, పొద్దస్తమానం ఇసకలో కూర్చుని పడవలు గీస్తాడు. అనుమానం రాకేం జేస్తుంది?

అక్క కళ్ళు తుడుచుకుని నాతో గట్టిగా చెప్పింది: "ఒరేయ్, ఇంక సముద్రం మొహం చూడనని అక్కడే ఒట్టేయించు. ఒట్టెయ్యకపోతే ఇద్దరూ ఇంటికి రామాకండి."

సరేనన్నాను. లోపల సంతోషించాను కూడా, నిజం చెప్పొద్దూ.

బొగ్గుతో నడిచే బస్సు, రెండుచోట్ల దిగి తోశాం. నేను ప్లీడరు గుమాస్తాని గదా, దారిలోనే మూడు పేజీల అర్జీ రాసుకున్నాను. మర్నాడు మధ్యాన్నం ఠాణాలో అడుగుపెడితే బావ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "అన్నం తిన్నావంట్రా?" అన్నాడు నన్ను చూసి.

సబిన్‌స్పెక్టరు నా అర్జీ మొదటి పేజీ దాటలేదు. "పడవలెందుకు గీశాడో ఇందులో లేదే" అన్నాడు. కేసు కాయితాలు పైఅధికారులకి పోయాయంటే బావ ఉద్యోగం ఊడినట్టే.

పల్లెకారుల పెద్ద ఒకాయన గుమ్మంలో కూర్చుని ఇదంతా వింటున్నాడు. పిలవకుండానే లోపలికొచ్చాడు. బావ బొమ్మల పుస్తకం తిరగేసి, ఒక బొమ్మ దగ్గర ఆగి నవ్వాడు.

"చుక్కాని ఏడ పెట్టాడో చూడండి బాబూ. ముందు పెట్టాడు. పడవని ఎనక నించి గదా తిప్పేది! ఎద్దులబండి అనుకున్నాడు ఈ మాస్టారు. ఈయన్ని నమ్ముకుని ఏ ఓడొచ్చినా ఇసకలో దిగబడిద్ది."

సబిన్‌స్పెక్టరు బావ వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు.

బావ తల దించుకున్నాడు. "ఒడ్డుకి లాగిన పడవలకి చుక్కాని లేదండి. ఊడదీసి ఇళ్ళకి తీసుకుపోతారని నాకు తెలవదు. ఊహించి పెట్టాను. చూడకుండా గీశాను."

ఠాణాలో కూర్చోబెట్టినందుకు పడని సిగ్గు ఆ ముక్క చెప్పడానికి పడ్డాడు. సబిన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోలేక, పుస్తకం ఆయన చేతిలో పెట్టి పొమ్మన్నాడు.

బయటికి రాగానే ఒట్టు సంగతి ఎత్తుదామని గొంతు సవరించుకున్నాను. ఇంతలో పెద్దాయన బావ చెయ్యి పట్టుకుని నీళ్ళవైపు లాగాడు. "రా మాస్టారూ, చుక్కాని చేత్తో పట్టుకుంటే ఇంక మర్చిపోవు."

బావ కదల్లేదు. "నేను పడవెక్కకూడదు" అన్నాడు.

"ఏం?" అన్నాను నేను.

"మీ అక్క మీద ఒట్టు. పెళ్ళయిన ఏడాది వేయించుకుంది, నీళ్ళల్లో కాలు పెట్టనని. ఒడ్డున కూర్చుని గీసుకుంటే తప్పులేదంది."

అన్నేళ్ళూ ఏటా సముద్రానికి పోయిన మనిషి, ఒక్కసారి పాదం తడుపుకోలేదు. గీసిన ప్రతి పడవా ఇసకలో ఉన్న పడవే. అటువంటివాడి చేత ఇంకో ఒట్టు వేయించడానికి నేను రెండు రైళ్ళు మారి వచ్చాను. నామీద నాకే అసహ్యం వేసింది.

"పో బావా. నేను చూళ్ళేదులే" అన్నాను.

ఆయన పుస్తకం నా చేతికిచ్చి, చెప్పులు విడిచి వెళ్ళాడు.

ఇంటికొచ్చాక ఒట్టేయించడం నావల్ల కాలేదన్నాను. అక్క నాతో రెండు నెలలు మాట్లాడలేదు. బావ నిరుటిదాకా ఏటా వెళ్ళాడు. పడవెక్కిన సంగతి మాత్రం మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. అక్కకి ఇది ఎవరైనా చదివి వినిపిస్తే ఇప్పుడే తెలుస్తుంది. తిట్టాలనుకుంటే నన్ను తిట్టమనండి. ఆయన్ని ఏమీ అనొద్దు.

ఆ మధ్యాన్నం నలుగురు మనుషులు పడవని నీళ్ళలోకి తోశారు. రెండు అలలు దాటింది. వెనక కొయ్య మీద బావ, కోటు తడిసి ఒంటికి అంటుకుపోయి, రెండు చేతులా చుక్కాని పట్టుకుని ఉన్నాడు. పెద్దాయన ఏదో చెబుతున్నాడు. బావ వినట్లేదు. ఒడ్డు వంక కూడా చూట్లేదు.