పై కడ్డీ మీద కొబ్బరికాయ

మా ఇంట్లో చక్రమున్న వస్తువు ఏది కొన్నా దాని ఇనుము మీదే కొబ్బరికాయ కొట్టాలి. రాయి మీద కొట్టడం గుడికి, ఇనుము మీద కొట్టడం బండికి అనేవాడు మా నాన్న. ఎడ్లబండి అయితే చక్రం పట్టా మీద, సైకిలయితే పై కడ్డీ మీద. కొట్టేది ఇంటికి పెద్ద మగాడు. చిప్పలు సమంగా విడిపోయి లోపల తెల్లగా కనబడితే ఆ బండి ఇంటికి అచ్చొచ్చినట్టు. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య పుట్టినవాళ్ళం, కాయలకు కరువు లేదు. ఈ పద్ధతి మంచిదో చెడ్డదో ఎవరూ ఆలోచించలేదు. నా తమ్ముడి ఉద్యోగం దాని కింద నలిగిపోయిన సంగతి మా నాన్న పోయేదాకా ఆయనకు తెలియదు. ఇప్పుడు ఆయన లేడు కనుక రాస్తున్నాను.

తమ్ముడికి సైకిలంటే పిచ్చి కాదు, అది వాడి పని. తొంభైల చివర మా వైపు ఊళ్ళ నుంచి జీడిపిక్కల బస్తాలు కాశీబుగ్గ బట్టీలకు సైకిళ్ళ మీదే వెళ్ళేవి. జీడితోటల్లో ఇసక దారి, చక్రం దిగబడిపోతుంది. మిగతావాళ్ళు దిగి తోసేచోట వీడు దిగకుండా తొక్కేవాడు. అలా తొక్కీ తొక్కీ వాడి పిక్కలు రోకలి బండల్లా తయారయ్యాయి. టెక్కలిలో పందెం పెడితే బస్తాలు మోసే సైకిలుకే క్యారియరు ఊడదీసి వెళ్ళి, సన్నటి సైకిళ్ళవాళ్ళందరినీ దాటేసి వచ్చాడు. ఆ పందెం చూసిన రైల్వే ఉద్యోగి ఒకాయన పలాసలో ఉండేవాడు. ఆటగాళ్ళ కోటాలో రైల్వే ఉద్యోగముంటుందని, కొండల్లో తొక్కే సైకిలు పోటీకి మన వైపు నుంచి ఎవరూ రావడం లేదని, విశాఖలో ఎంపికకు వెళ్ళమని ఆయనే చెప్పాడు. సొంత గేర్ల సైకిలు తెచ్చుకోవాలి, వయసు దాటితే ఇక లేదు. వాడు గేర్ల సైకిలు కొనలేక ఏళ్ళు గడిపేశాడు. చివరికి వయసుకు ఒక్క ఏడాది మిగిలింది.

అప్పుడు మా ఆయన సింగపూర్ ఓడల యార్డు నుంచి కొన్ని నెలల సెలవు మీద వచ్చాడు. నేను మా పుట్టింట్లోనే ఉండి కాశీబుగ్గలో జీడిపప్పు తొక్క తీసే పనికి వెళ్ళేదాన్ని. అందరూ మిక్సీలూ కంబళ్ళూ తెచ్చుకుంటే ఈయన కంబళిలో చుట్టి ఒక నల్లటి సైకిలు ఫ్రేము తెచ్చాడు. చక్రాలు లేవు, హ్యాండిలు లేదు, సీటు లేదు. యార్డులో ఒక ఆఫీసరు కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేశాడట. అమ్మ దాన్ని చిటికెన వేలితో ఎత్తి, ఎండిన ఆనపకాయ బుర్రలాగుంది అంది. నాన్న చుట్ట వెలిగించుకుంటూ ఒకసారి చూశాడు.

"ఏటల్లుడూ, సముద్రం దాటి ఎముకల గూడు తెచ్చినావు?" అన్నాడు.

మా ఆయనకు రోషం వచ్చింది. అది ఇనుం కాదని, కార్బన్ అని, ఇనుం కన్నా గట్టిదని, విమానాలు కూడా దీంతోనే చేస్తున్నారని చెప్పాడు. ఈ మాట ఆయన ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. వచ్చినవాడికల్లా చెప్పాడు. ఇనుం కన్నా గట్టిది, ఇనుం కన్నా గట్టిది అని ఊరంతా అనుకునేదాకా చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. తొక్కేవాడి బరువు ఎంతైనా ఓర్చుకుంటుంది. ఒకచోట దెబ్బ పడితే మాత్రం ఓర్చుకోదు. ఆ రెండో మాట మా ఆయనకూ తెలియదు.

తమ్ముడికి కొంత తెలుసు. ఆ రైల్వే ఆయన చెప్పి ఉంటాడు, దీనికి సుత్తి తగలనివ్వకని.

ఇక ఆ ఎముకల గూడుకు ఒళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. మన సైకిళ్ళ చక్రాలు దానికి పట్టవు, పెద్దవి. టెక్కలిలో ఒక కాంట్రాక్టరు ఇంటి షెడ్డులో వాళ్ళ అబ్బాయి పడేసిన గేర్ల సైకిలుందని తెలిసి వెళ్ళి, చక్రాలూ గేర్లూ బ్రేకులూ అడిగాడు. వాళ్ళు డబ్బు వద్దన్నారు, ఇంట్లో పెళ్ళి ఉంది, ఒక కోత కాయలు పంపమన్నారు. నాన్న తోటలో కాయలు అలా టెక్కలి వెళ్ళాయి. ఆ రోజు నుంచి నాన్న వాడితో మాట మానేశాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కోసం తమ్ముడు ఇచ్ఛాపురంలో ఉండే మా పిన్ని కొడుకును వెంటబెట్టుకుని బరంపురం వెళ్ళాడు. వాడికి ఒడియా తెలుగంత బాగా వచ్చు, బేరమంతా వాడే ఆడాడట. సీటు గొట్టం సన్నగా ఉండి ఫ్రేములో జారిపోతుంటే, మా ఆయన తాగిపడేసిన కూల్‌డ్రింకు డబ్బా కోసి ఆ రేకు చుట్టి బిగించాడు.

హ్యాండిలు కింద బేరింగు గిన్నెలు ఎక్కించడం దగ్గర మాత్రం కాశీబుగ్గ మెకానిక్కుకూ వీడికీ తగువైంది. మెకానిక్కు చిన్నప్పటి నుంచీ గిన్నె మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో కొట్టడమే ఎరుగును. సుత్తి ఎత్తగానే వీడు చెయ్యి పట్టేసుకున్నాడు. మెకానిక్కు నవ్వి, పెళ్ళికూతురికి కూడా ఇంత మర్యాద ఉండదు బాబూ, తీసుకుపో అన్నాడట. తర్వాత పలాసలో రైసు మిల్లుల పని చేసే లేతు దగ్గరకు వెళ్ళి పొడవాటి బోల్టు సంపాదించాడు. రెండువైపులా బిళ్ళలు పెట్టి, ఒక్కో చుట్టూ బిగిస్తూ, ఆ గిన్నెలు తనంతట తానే ఎక్కించుకున్నాడు. రాత్రిళ్ళు ఆ ఫ్రేమును అమ్మ పాత చీర పీలికతో దూలానికి వేలాడదీసేవాడు, గోడకు ఆనించేవాడు కూడా కాదు. అన్ని నెలల్లో దానికి ఒక్క దెబ్బ తగలలేదు. ఈ సంగతి గట్టిగా చెబుతాను, ఎందుకంటే నేను కళ్ళారా చూశాను.

నాన్న మాత్రం దానివైపు చూడలేదు. అరుగు మీద వాడు చక్రాలు సరిచేస్తుంటే పెరటి దారిన వెళ్ళేవాడు. కొబ్బరికాయలు తిని పెరిగిన సైకిలట, ఎంత దూరం పోద్దో అని టీ కొట్టు దగ్గర అన్నట్టు వినబడేది. వాడు పైకి నవ్వేసేవాడు. ఒకరోజు నాకు అన్నం దగ్గర చెప్పాడు, నాన్న ఒక్కసారి దాని మీద చెయ్యి వేస్తే చాలప్పా అని. ఉద్యోగం ఎంత కావాలనుకున్నాడో అదీ అంత కావాలనుకున్నాడు.

సైకిలు పూర్తయింది. జీడితోటల్లోంచి ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఇసకలో చప్పుడు లేకుండా వెళ్ళింది. మధ్యలో ఒక్కరోజు వదిలి, ఆ మర్నాడు విశాఖ వెళ్ళాలి. అమ్మ పసుపూ కుంకుమా పెట్టి, హ్యాండిలుకు నిమ్మకాయ కట్టింది. కాయ ఎవరు కొట్టాలో తెలియక అందరం నిలబడ్డాం. మా ఆయన కొడదామంటే అల్లుడాయె.

అప్పుడు నాన్న వచ్చాడు. తలంటుకుని, పండగ పంచె కట్టుకుని, మా తోటలో తూర్పు చెట్టు కాయ పీచు తీసి పట్టుకొచ్చాడు. నేరుగా వచ్చి సైకిలు ముందు నిలబడ్డాడు. తమ్ముడి కళ్ళు తడిశాయి. నేను వాడి పక్కనే ఉన్నాను. నాన్న చెయ్యి పైకి లేచినప్పుడు వాడి పెదవి కదిలింది. అన్ని నెలలు మాట్లాడని నాన్న తనంతట తాను వచ్చి కాయ కొడుతుంటే, వద్దని ఏ నోటితో అంటాడు?

మొదటి దెబ్బకు కాయ పగలలేదు. కింద ఇనుము ఉంటే ఖంగుమంటుంది. ఇది తలుపు చెక్క మీద కొట్టినట్టు టప్పుమంది. నాన్నకు అది అపశకునంలా తోచింది.

"ఇనుం కన్నా గట్టన్నావు గదా అల్లుడూ," అని ఒళ్ళంతా బలం పెట్టి రెండోసారి కొట్టాడు.

కాయ రెండు చిప్పలైంది. అంత తెల్లటి కొబ్బరి నేను మళ్ళీ చూడలేదు. నీళ్ళు కడ్డీ మీంచి కారాయి. అమ్మ దండం పెట్టింది. నాన్న అరచెయ్యి ఆ కడ్డీ మీద ఉంచి, వాడి ముఖంలోకి చూసి, "ఎల్లి రా," అన్నాడు. అన్ని నెలల తర్వాత వాడితో అన్న మొదటి మాట అది.

నేనూ మా ఆయనా తప్ప అందరూ లోపలికి వెళ్ళాక వాడు గుడ్డతో కడ్డీ తుడిచాడు. తడి అంతా పోయింది గాని ఒకచోట వెంట్రుకంత గీత మాత్రం తడిగానే ఉంది. మళ్ళీ తుడిచాడు. మళ్ళీ ఊరింది. బొటనవేలితో నొక్కితే సన్నగా కిర్రుమంది. మా ఆయన కిందికి వంగి ఆ గీత పొడవునా వేలితో రాసి చూశాడు.

"అప్పా, నాన్నకి సెప్పకు," అన్నాడు తమ్ముడు. "ఒట్టెయ్యి."

వేశాను.

మంచినీళ్ళపేట ఒడ్డున ఫైబరు పడవలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. చిల్లు పడ్డ పడవకు గుడ్డలాంటి ఫైబరు పరిచి, పైన జిగురు పూసి ఆరబెడతాడు. తమ్ముడూ మా ఆయనా సైకిలు అక్కడికి తీసుకుపోయారు. ఆయన గీత ఉన్నచోట చుట్టూ కట్టు కట్టి, పడవకైతే పూచీ పడతాను గాని దీని సంగతి నాకు తెలీదు బాబూ అన్నాడట. మర్నాడు సాయంత్రం దాకా ఎండలో పెట్టి, నల్లరంగు వేసి తెచ్చారు. చెయ్యి విరిగినవాడి కట్టులా ఉంది. నాన్నకు కనబడకుండా దాని మీద అమ్మ ఇచ్చిన తువ్వాలు చుట్టారు. అమ్మ ఆ రెండు కొబ్బరి చిప్పలు శుభమని మూటగట్టి వాళ్ళ సంచిలో పెట్టింది.

విశాఖలో ఏం జరిగిందో మా ఆయన చెప్పగా విన్నదే. కొండ కింద వరసగా సైకిళ్ళు నిలబెట్టి పరీక్ష చేస్తున్నారు. ఒకాయన వేలి కణుపుతో కడ్డీ పొడవునా తడుతూ వచ్చి కట్టు దగ్గర ఆగాడు. రంగు గీకి చూశాడు. కొండ దిగేటప్పుడు ఇది విరిగితే నీ మెడ విరుగుతుంది, నేను సంతకం పెట్టను అన్నాడు. చెడ్డవాడు కాదట. ఇంకో సైకిలు తెచ్చుకో, నీ పేరు ఆఖర్న పిలుస్తాను అని కూడా అన్నాడు. తమ్ముడు అక్కడున్న ప్రతివాడినీ అడిగాడు. ఎవడి సైకిలు మీద వాడి బతుకుంది, ఎవడిస్తాడు? ఆఖర్న వీడి పేరు పిలిచారు. వీడు చెయ్యి ఎత్తలేదు. రెండోసారి పిలిచి పేరు కొట్టేశారు.

వచ్చేటప్పుడు ప్యాసింజరు బండి హరిశ్చంద్రపురంలో చాలాసేపు ఆగిందట. పొద్దుటి నుంచి ఇద్దరూ ఏమీ తినలేదు. తమ్ముడు సంచిలో చెయ్యి పెడితే కొబ్బరి చిప్పలు తగిలాయి. ఒకటి మా ఆయనకిచ్చి ఒకటి తను తిన్నాడు. తియ్యగా ఉంది బావా అన్నాడట.

ఇంటికొచ్చి, ఓడిపోయానని చెప్పాడు. నాన్న ఏమీ అనకుండా ఉంటే ఎంత బాగుండేదో. ఆయన మనసు విరిగింది, పంచె కట్టుకుని వెళ్ళి కాయ కొట్టినవాడు కదా. ఊళ్ళో ప్రతివాడికీ చెప్పాడు. "కాయ మల్లెపువ్వులాగ ఇరిగింది. కాయలో తప్పు నేదు, మా గుంటడి కాళ్ళలోనే తప్పు." ఆ మాట ఏళ్ళ తరబడి అన్నాడు. పెళ్ళిళ్ళలో అన్నాడు, పేరంటాల్లో అన్నాడు, తమ్ముడికి పిల్లనివ్వడానికి వచ్చిన వాళ్ళ ముందు కూడా అన్నాడు. వాడు అక్కడే కూర్చుని వినేవాడు. నేను నోరు తెరవబోతే నావైపు చూసేవాడు. ఒక్కోసారి ఆ ఒట్టు మీద నాకు ఒళ్ళు మండిపోయేది. ముసలాయనకు బాధ తప్పించడానికి ఒక పడుచువాడు ఇంత మొయ్యాలా అని. కాని ఒట్టు వేసింది నేనైనా ఆ గుట్టు వాడిది, నాది కాదు.

చక్రాలూ గేర్లూ ఎవరో అడిగితే ఇచ్చేశాడు. ఫ్రేము మిగిలింది. దాన్ని నాన్నే తీసుకెళ్ళి నూతి దగ్గర ఆనపపాదుకు ఆసరాగా పాతాడు. కట్టు దగ్గర తీగ చుట్టుకుని కాయలు కాసింది. నాలుగు వానాకాలాలైనా తుప్పు పట్టలేదు. ఆ నూతి దగ్గర స్నానం చేస్తూ, అల్లుడు తెచ్చింది మాత్రం మంచి సరుకే అని మెచ్చుకునేవాడు.

తర్వాత కొన్నేళ్ళకు తమ్ముడు కాయలు వెయ్యడానికి లగేజీ ఆటో తీసుకున్నాడు. నాన్న మళ్ళీ తలంటుకుని కాయతో వచ్చాడు. ముందు బంపరు మీద కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. తమ్ముడు మెల్లగా ఆ కాయ ఆయన చేతిలోంచి తీసుకుని, పక్కనున్న రాయి మీద కొట్టాడు.

"అది ఇనుమే గదరా," అన్నాడు నాన్న.

వాడు చిప్పలు ఆయన చేతిలో పెట్టి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

నాన్న ఆ చిప్పలు పట్టుకుని నా దగ్గరకు వంటింట్లోకి వచ్చాడు. పీట మీద కూర్చుని వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒలే అమ్మా, నా సెయ్యి మంచిది గాదా? ఆడికి నా మీద ఏటి కోపం?"

కోపమేమీ లేదని చెప్పాను. ఆ చిప్పలు ఆయన చేతిలోంచి తీసుకుని కత్తిపీట ముందు కూర్చుని కొబ్బరి ముక్కలు కోశాను. ఆ పూట పచ్చడి చేశాను. నాన్న తిన్నాడు. తమ్ముడు మధ్యాహ్నం వచ్చి చారన్నం తిని వెళ్ళాడు, పచ్చడి ముట్టుకోలేదు.