గడియ గిన్నెతో నేర్చిన పరుగు

తపాలా సంచి మోసుకుని పరిగెత్తడం నా పని. ధవళేశ్వరంలో తపాలా గుమాస్తా గారు నలుగురి ముందూ నన్ను నత్త అన్నారు. ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

మర్నాటి నుంచీ మా ఆవిడ కాలం కొలవడానికి, అడుగున చిల్లున్న గడియ గిన్నెని గంగాళం నీళ్లలో వదిలేది. నేను కాలవ గట్టున మైలురాయి దాకా పరిగెత్తి తిరిగొచ్చేసరికి అందులోకి ఎన్ని నీళ్లెక్కాయో చూసేవాళ్లం. మొదట్లో కోపం కొద్దీ ఒక్క ఉదుటున పరిగెత్తి, సగం దారిలోనే రొప్పుతూ కూలబడేవాణ్ణి, గిన్నె మునిగిపోయేది. అడుగు సమంగా వేయడం పట్టుబడ్డాక నీళ్లు రోజురోజుకీ తగ్గాయి.

ఇక రోజూ గుమాస్తా గారు కచేరీ తలుపు తీయకముందే సంచితో అరుగు మీద ఉండేవాణ్ణి. తనిఖీకి దొరగారు వచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ పొద్దున దొరగారు తలుపుకి ఇంకా వేసే ఉన్న తాళం వైపు చూశారు.

"రోజూ ఇలాగే గుమాస్తా గారి కోసం కూర్చుంటానండి," అన్నాను, చాలా వినయంగా.