చలిపట్టిన గొర్రెపిల్ల, రెండు చెంచాల కల్లు

తెల్లవారుజాము నుంచే ముసురు... చలికాలపు వాన. పత్తి ఏరే పని ఆగిపోయింది. అవ్వ, నేను గొర్ల దొడ్డిలో తడిసిన పెంట ఎత్తి బయట పోస్తున్నాం. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అది. నాకు పదకొండేళ్ళు. మాది కల్వకుర్తి పక్కన చిన్న ఊరు.

దొడ్డి మూలన ఒక గొర్రె ఈనింది. పిల్ల వానలోనే పడింది. ఆడపిల్ల పుడితే నాదేనని అవ్వ, అంటే మా బాపు తల్లి, ముందే మాట ఇచ్చింది. ఆడపిల్లే... కానీ నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది. చీకడం లేదు.

అవ్వకు అంకెలు రావు. పిల్ల ఎడమ ముందుకాలి వెనక రెండు వేళ్ళు ఆనించి, దాని గుండె ఎట్లా కొట్టుకుంటే అట్లా ఇంకో చేతి వేలితో నా అరచేతిలో కొట్టి చూపేది. చలిపట్టిన పిల్లకు ఆ దెబ్బలు దూరదూరంగా పడేవి... గోనెసంచిలో చుట్టి పొయ్యి దగ్గర పెడితే దగ్గరయ్యేవి.

ఆరోజూ పొయ్యి దగ్గర పెట్టాం. దెబ్బలు కాస్త దగ్గరయ్యాయి. ఆ తర్వాత రెండు చెంచాల ఈతకల్లు పట్టడం మా ఇంటి రివాజు. ముసురుకు ఎవరూ చెట్టెక్కలేదు. బాపు సీసాలో రాత్రి మిగిలిన దుకాణం కల్లు ఉంటే అవ్వ అదే పట్టింది.

కాసేపటికి పిల్ల మెడ వాల్చేసింది. ఒళ్ళు వెచ్చగానే ఉంది... గుండె మందగించింది. అవ్వ వేలు నా అరచేతిలో ఒకసారి పడి, ఆగి, మళ్ళీ పడుతోంది. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ సీసా వాసన చూసింది.

"ఇది చెట్టు కల్లు గాదు. మందు కలిపిన్రు."

కొన్ని దుకాణాల్లో నిద్రమందు పొడి కలిపి అమ్మేవారని నాకు తర్వాత తెలిసింది. గడపలో కూర్చున్న బాపుకు అది కొత్త సంగతేమీ కాదు.

"ఊరంతా తాగుతాంది అవ్వా. ఎవలన్న పడిపోయిన్రా?"

"పిల్ల పడ్డది గదరా."

అవ్వ పాలు లేని చాయ్ చిక్కగా కాచి, చల్లార్చి, చుక్కచుక్కగా నాలుక మీద వేసింది. నేను చెవులు రుద్దుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక నా అరచేతిలో దెబ్బలు ఒక్కొక్కటే దగ్గరికి జరిగాయి. పిల్ల తుమ్మింది. వేలు పెడితే చీకింది.

అప్పుడు అవ్వ తలెత్తకుండానే బాపుతో అంది...

"రోజూ పొద్దుగాల నిన్ను లేపేముందు నీ ఎద మీద చెయ్యి పెట్టి చూస్తున్న, బిడ్డా. ఇందాక గీ పిల్లకు కొట్టుకున్నట్టే కొట్టుకుంటాంది."



ఇప్పుడు ఫోన్ చేస్తే పశువుల ఆసుపత్రి బండి ఊళ్ళోకే వస్తుంది. డాక్టరు గొట్టం పెట్టి విని చెబుతారు. మంచిదే... కానీ మన అరచేయి ఎవరూ అడగరు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మేకకో దూడకో బాగాలేకపోతే ఏం పట్టి చూసేవారు? గుర్తుంటే రాయండి, చదువుతాను.

ఆరోజు సాయంత్రానికి వాన వెలిసింది. పిల్ల లేచి నిలబడి తల్లి దగ్గర పాలు తాగింది. దీపాలు పెట్టకముందే బాపు ఖాళీ సీసా కడుక్కుని దుకాణానికి వెళ్ళాడు.