కూర్చోబెట్టి తీసిన కొలత

చెప్పుల షాపులో పిల్లల వరుస దగ్గర నిలబడే ఆమెను అందరూ కొలతలమ్మ అంటారు. వయసు ముప్పై దాటలేదు, అయినా పేరు చివర అమ్మ తగిలించేశారు. పిల్లల కాలు ఒకసారి కొలిచి ఊరుకోదు. నిలబెట్టి కొలుస్తుంది, షాపు ఈ మూల నుంచి ఆ మూలకు నడిపించి మళ్లీ కొలుస్తుంది.

"ఏమ్మా, కాలికి చొక్కా కుడతావా ఏంటి, ఇన్ని కొలతలు?" అని మొన్న ఒక తండ్రి విసుక్కున్నాడు.

"చొక్కా బిగుతైతే గుండీ తీసుకోవచ్చు బాబాయ్. బూటుకు గుండీ ఉండదుగా" అంది.

ఓనరు ఆమెను ఏమీ అనడు. ఆమె చేతి మీదుగా వెళ్లిన జత వెనక్కి రాదు. చదువు పదకొండో తరగతి మధ్యలో ఆగిపోయి, పదిహేడేళ్లకే ఈ షాపులో చేరింది. కానీ ఈ చాదస్తం షాపులో అబ్బింది కాదు. అంతకు ముందు ఏడాది సెలవుల్లో పట్టుకుంది.

అప్పుడామెను ఇంట్లోనూ బడిలోనూ చిట్టి అనేవారు. నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసేవాడు, అమ్మ ఇంట్లోనే కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టేది. చిట్టికి మాట పెగలదు. టీచరు ప్రశ్న అడిగితే తెలిసిన జవాబు కూడా గొంతు దాటేది కాదు. చేయి మాత్రం బంగారం. స్కేలు లేకుండా గీత గీస్తే దారం లాగినట్టుండేది.

చిట్టి చదివే బడిలో పెద్ద పిల్లలంతా ఏడాది చివరి సెలవుల్లో ఒక జట్టు కట్టేవారు. మార్కెట్ వెనక, దిక్కులేని పిల్లల హాస్టల్ ఒకటి ఉంది. అక్కడి పిల్లలకు కొత్త బూట్లు కొనివ్వడం ఈ జట్టు పని. చిక్కేమిటంటే, ఆ పిల్లలకు తమ సైజు తెలియదు. పుట్టినప్పటి నుంచి ఎవరో విడిచినవే తొడిగినవాళ్లు. అందుకని ఒక్కొక్కరి పాదం కాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీసి, ఆ కాగితం బూట్ల షాపుకు పంపేవారు.

గీయడం నేర్పింది బడి గేటు ఎదురుగా చెప్పులు కుట్టే తాత.

"పిల్లని నిలబెట్టి గీయండి. కూర్చున్న కాలు అబద్ధం చెబుతుంది. ఒంటి బరువు పడితేనే కాలు తన పొడుగు తాను చూపిస్తుంది. పెన్సిలు నిటారుగా పట్టండి. బొటనవేలు ముందు వేలెడు మందం వదలండి. ఎక్కిందా బుర్రకి?"

"ఎక్కింది తాతా!" అని అందరికంటే గట్టిగా అరిచినవాడి పేరే గొట్టం.

హాస్టల్ వరండాలో పిల్లలు బారులు తీరారు. పాదం చుట్టూ పెన్సిలు తిరిగితే చక్కిలిగింత, ఒంటికాలి మీద గెంతులు. గొట్టం గీసింది చూసి జట్టంతా పగలబడి నవ్వింది.

"ఒరేయ్, ఇది కాలా, బంగాళదుంపా?"

"పోనీలేరా, వండుకుందాం!"

చిట్టి దగ్గరకు చిన్నపిల్లల్ని పంపారు, పన్నెండు మందిని. వాళ్లు కుదురుగా నిలబడలేదు, గీత వంకర పోయింది. ఆ వంకర చిట్టి భరించలేకపోయింది. వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టింది. అప్పుడు కాలు కదల్లేదు. సన్నటి వంపు రావాలని పెన్సిలు లోపలికి వాల్చి గీసింది. వేలెడు మందం వదిలితే బొమ్మ చెడిపోతుందనిపించి, అదీ వదల్లేదు.

ఆఖరున వచ్చిన ఏడేళ్ల పిల్లను హాస్టల్లో పిచ్చుక అంటారు. నోరు మూతపడదు.

"అక్కా, ఆ అన్న అందర్నీ నిలబెడుతున్నాడు. నన్నెందుకు కూర్చోబెట్టావ్?"

"నువ్వు కుదురుగా ఉండవుగా, అందుకు."

"నిజంగా కొత్తవేనా? నాకంటే ముందు ఎవరూ తొడగరుగా?"

"ఎవరూ తొడగరు. నువ్వే మొదలు."

కాగితాలు చూసి, జట్టు వెంట వచ్చిన టీచరమ్మ "చూడండ్రా, అచ్చు వేసినట్టు ఎలా ఉన్నాయో!" అంది. అంతమందిలో చిట్టిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఇంట్లో అమ్మకు మూడుసార్లు చెప్పింది.

బూట్లు పంచేనాడు చిట్టి మోకాళ్ల మీద కూర్చుని పిచ్చుక కాలికి బూటు తొడిగింది. మడమ లోపలికి పోలేదు. అరచేత్తో నెట్టాల్సి వచ్చింది.

"బిగుతుగా ఉన్నాయా?"

"లేదక్కా, సరిపోయాయి!"

జవాబు మరీ త్వరగా వచ్చింది. చిట్టి చూపు బూటు ముందు భాగం మీద పడింది. లోపల వేళ్లు ముడుచుకుని తోలు ఉబ్బెత్తుగా లేచింది. పిల్ల రెండు చేతులతో బూటును గట్టిగా పట్టుకుని ఉంది, ఎక్కడ లాక్కుంటారోనని. ఆ వరుసలో మిగతావాళ్ల వైపు చూసింది చిట్టి. ఒకడు మడమ తొక్కి నిలబడ్డాడు. ఇంకొకతె గోడ పట్టుకుని నడుస్తోంది. ఎవరి నోటా ఒక్క మాట లేదు.

బూటు అడుగు మాసిపోకుండా తెస్తే అయిదు రోజుల్లోపు మార్చిస్తామని షాపువాళ్లు ముందే చెప్పారు. లేచి నిలబడి "ఇవి చిన్నవయ్యాయి" అంటే చాలు, అంతే పని. లేవబోయింది కూడా. సరిగ్గా అప్పుడే టీచరమ్మ, "చిట్టి గీసిన కాగితాలు చూసి షాపువాళ్లే ముక్కున వేలేసుకున్నారట!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చిట్టి మళ్లీ కూర్చుని పిచ్చుక లేసు ముడి వేసింది.

రేపు చెబుదామనుకుంది. రేపటికి ఎల్లుండి తోడైంది. తాత కంటపడకుండా వెనక వీధి గుండా తిరిగింది. అయిదు రోజులూ అలాగే గడిచిపోయాయి. గడువు దాటాక ప్రాణం కుదుటపడుతుందనుకుంటే, అన్నం కూడా సహించలేదు. ఏడో రోజు పొద్దున్నే వెళ్లి తాత ముందు నిలబడి, తల వంచుకుని మొత్తం చెప్పేసింది.

తాత చేతిలోని సూది ఆగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇచ్చిన రోజే తాతా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "గీత తప్పితే అది చేతి తప్పమ్మా, నేర్పినవాడిగా అందులో నాకూ వాటా ఉంది. తెలిసి కూడా ఇన్ని రోజులు ఆ పిల్లల్ని..." అని ఆగిపోయాడు. కాలి ఆకారంలో ఉండే చెక్క దిమ్మలు సంచిలో వేసుకున్నాడు. "పద. నీళ్లతో తడిపి ఇవి బిగిస్తే తోలు కొంచెం మాట వింటుంది. ఎన్ని వింటాయో చూద్దాం."

బూట్లు ఒకసారి చూడాలని తాత అడిగితే, హాస్టల్ వార్డెనమ్మ ఆ చిన్నపిల్లలందరి దగ్గరా పోగుచేసి వరండాలో పెట్టించింది. చిట్టి లెక్కపెట్టింది. పదకొండు జతలు. మళ్లీ లెక్కపెట్టింది.

"పిచ్చుకవి ఏవండీ?"

"అది వెళ్లిపోయిందమ్మా. మొన్న వాళ్ల పిన్ని వచ్చి తీసుకుపోయింది. ఎక్కడో పని దొరికిందట, స్థిరపడ్డాక కబురు చేస్తానంది."

"ఎక్కడికో చెప్పలేదా?"

"వాళ్ల పిన్నికే సరిగ్గా తెలిసినట్టు లేదు." వార్డెనమ్మ నవ్వింది. "మీ బూట్లంటే ఎంత ప్రేమో దానికి! గేటు దాకా వేసుకుని నడిచింది, అక్కడ విప్పేసి గుండెకు హత్తుకుంది. బస్సు ఎక్కేటప్పుడైనా వేసుకోవే అంటే వినలేదు. మాసిపోతాయట! ఉత్త కాళ్లతోనే ఎక్కింది, పిచ్చి పిల్ల."

తాత సంచి విప్పి దిమ్మలు బయట పెట్టాడు. చిట్టి "మాసిపోతాయని కాదండీ" అంది. ఈసారి గొంతులోంచి మాట బయటికి వచ్చింది. కానీ అప్పటికే వార్డెనమ్మ నీళ్ల బకెట్టు తేవడానికి లోపలికి వెళ్లిపోయింది.