కింద పెట్టిన గావా

షార్జాలో కారవాన్లు, అంటే చక్రాలమీది ఇళ్ళు, అమ్మే కంపెనీలో వారంటీ కౌంటరు నాది. బండి అమ్మేటప్పుడు నవ్వే మొహం ఒకటుంటుంది, అదే బండిని బాగుచెయ్యమని తెస్తే చిట్లించే మొహం ఇంకొకటుంటుంది. ఆ రెండోది నాది. దానికే నాకు జీతం. వచ్చినవాళ్ళు అరుస్తారు, బతిమాలతారు, పెద్దపెద్దవాళ్ళ పేర్లు చెబుతారు. ఇన్నేళ్ళలో అరవకుండా, బతిమాలకుండా, ఎవరి పేరూ వాడకుండా పని జరిపించుకుని వెళ్ళిన మనిషి ఒక్కతే. పేరు వీరదుర్గ. రాజోలు దగ్గర పల్లెటూరు.

ఆవిడ ఇక్కడి అరబ్బు ముసలావిడ దగ్గర పనిచేస్తుంది. ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళు యజమానురాలిని మామా అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. మామా గుడారంలో పుట్టిన మనిషి. ఎనభై దాటాక, మేడమీద గదిలో ఊపిరాడడం లేదని గోల పెడితే కొడుకు కారవాన్ కొనిచ్చాడు. చలికాలమంతా మలీహా ఎడారిలో ఇద్దరూ అందులోనే ఉంటారు. ఎండలు ముదిరితే మామా మేడెక్కుతుంది, కారవాన్ పెరట్లోకి వస్తుంది, వీరదుర్గ మాత్రం అందులోంచి దిగదు. అంతకుముందు ఆవిడ వంటింటి పక్క సామాన్ల గదిలో పడుకునేది. ఇప్పుడు కిటికీ ఉంది, తలుపుకు లోపల గడియ ఉంది. ఏడాది పొడవునా అదే ఆవిడ ఇల్లు.

ఒక నవంబరులో ఆ ఇంటికి గండం వచ్చింది. గోడలో పైపు జాయింటు కారి, స్నానాలగది ముందు నేలచెక్క లోలోపల నానిపోయింది. ఒక పొద్దున మామా కాలు అందులో మడమదాకా దిగబడింది. ఎముక విరగలేదు గానీ కొడుక్కి సందు దొరికింది. తల్లి ఎడారిలో ఉండడం ఆయనకు మొదటినుంచీ గిట్టదు. కంపెనీ వారంటీలో బాగుచేస్తే సరే, లేకపోతే ఖలాస్, బండి అమ్మేస్తానన్నాడు.

మా మెకానిక్ షాహబాజ్ చూడ్డానికి బయల్దేరితే, ఫిర్యాదు చేసిన వీరదుర్గ నోట ఫోనులో గోదావరి యాస విన్న ఉత్సాహంలో నేనూ వెంట వెళ్ళాను. కారవాన్ మెట్టు ముందు ఒక చెక్కపలక పరిచి ఉంది. దానిమీద సుద్దతో మెలికల ముగ్గు. ఇసుకలో నిలవదని పలక వేసుకుందట. మా వారంటీకి ఒక షరతుంది. బండి విహారానికే వాడాలి, అందులో కాపురముంటే వారంటీ చెల్లదు. ఆ ముగ్గు చూస్తే మనవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది, అది కాపురమున్న ఇల్లని. పెషావర్ నుంచి వచ్చిన షాహబాజ్‌కు తెలియదు. అందుకని మెల్లిగా పలకను కాలితో మెట్టు కిందికి తోయబోయాను.

"ఏటి తమ్ముడూ, ముగ్గుమీద కాలెడతావేటి? బుద్దుందా?" అని కసిరింది వీరదుర్గ.

ఆ కేకకు షాహబాజ్ తిరిగి చూసి, ఇదేమిటని హిందీలో అడిగాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇది ముగ్గనీ, ఇది తన ఇల్లనీ, ఎండైనా చలైనా రోజూ వేస్తాననీ పూసగుచ్చినట్టు చెప్పింది. అంతటితో ఊరుకోకుండా లోపలికి పిలిచి దేవుడి గూడూ, కిటికీలో కరివేపాకు మొక్కా చూపించింది. షాహబాజ్ అన్నిటికీ ఫొటోలు తీశాడు. అతని తప్పేం లేదు, అతని పనే అది. నాకు మాత్రం తల ఆ గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అనుకున్నట్టే వారంటీ కుదరదన్నారు. ఆ మాట ఆవిడతో చెప్పే భాగ్యం నాకే దక్కింది.

"రోజూ ఉంటానని మీరు అనకుండా ఉంటే పోయేది కదక్కా" అన్నాను కౌంటరు దగ్గర, ఉండబట్టలేక.

"ఉంటన్న ఇంట్లో లేనని సెప్పమంటావా తమ్ముడూ?"

"ఇప్పుడిక చేసేదేం లేదు. ముదీర్ సంతకం పెట్టేశారు."

"అయితే ముదీర్‌నే సూత్తాను. పద."

మా ముదీర్, అంటే మేనేజరు, ఇక్కడివాడే, వయసు మళ్ళినవాడు. ఆయన బల్లమీద గావా ఫ్లాస్కు ఎప్పుడూ ఉంటుంది. యాలకులు వేసి కాచిన చేదు కాఫీ అది. ఎవరొచ్చి కూర్చున్నా, వచ్చిన పనేదైనా, ముందు చిన్న కప్పుతో అది ఇవ్వాల్సిందే. వీరదుర్గ సలాం చెప్పి, ఆయన ఆరోగ్యం, పిల్లల క్షేమం అన్నీ అరబ్బీలో తీరిగ్గా అడిగింది. ముదీర్ ముచ్చటపడి తనే గావా పోసి ఇచ్చాడు. ఆవిడ కుడిచేత్తో అందుకుని, మూతిదాకా కూడా తీసుకెళ్ళకుండా బల్లమీద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

చేదని తాగడం లేదేమో, లేకపోతే ఉపవాసమేమో అనుకున్నాను. "కాస్త నోట్లో పోసుకోండక్కా, బాగోదు" అని గొణిగాను.

"నువ్వూరుకో" అంది, నావైపు చూడకుండానే.

ముదీర్ నవ్వు ఆగిపోయింది. కప్పుకేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు, కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. సంగతి నాకు తర్వాత తెలిసింది. ఎడారి మనుషుల్లో పాత ఆచారం ఒకటుంది. వచ్చినవాళ్ళు గావా అందుకుని తాగకుండా కింద పెట్టారంటే, వాళ్ళకేదో కావాలని అర్థం. ఇంటాయన మాటిచ్చేదాకా ముట్టరు. ముట్టకుండా లేచి వెళ్ళిపోతే ఆ ఇంటికి అంతకు మించిన తలవంపు లేదు. మామా గుడారం కబుర్లు వినీ వినీ వీరదుర్గకు అది ఒంటబట్టింది. ముదీర్ కూడా చిన్నప్పుడు తాతల దగ్గర చూసే ఉంటాడు. ఏసీ ఆఫీసులో, రాజోలు మనిషి చేతిలో మళ్ళీ చూస్తానని మాత్రం అనుకుని ఉండడు.

"ఏం కావాలి?" అన్నాడు.

"ఆ బండిలో ఉంటున్నాను. ఉండడం లేదని చెప్పను" అంది ఆవిడ అరబ్బీలో, తడుముకోకుండా. "కానీ నేనుండబట్టి పైపు కారలేదు. బిగించినవాళ్ళు సరిగ్గా బిగించక కారింది. మామాకు ఇంకెన్ని చలికాలాలున్నాయో దేవుడికే తెలుసు. వాటిని ఇసుకలోనే గడపనివ్వండి."

అంతే. తన గది మాట, తన కిటికీ మాట ఎత్తనేలేదు. నాకు ఆ క్షణంలో ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది.

కప్పుమీద ఆవిరి తగ్గిపోయింది. ముదీర్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. చివరికి "అబ్షిరీ" అన్నాడు, నీ పని అయిపోయిందనుకో అని. "ఇక తాగు, చల్లారిపోతోంది."

ఆవిడ ఒక్క గుక్కలో తాగేసి, చాలన్నట్టు కప్పును అటూ ఇటూ ఊపి తిరిగిచ్చింది. బయటికి రాగానే మెట్లమీద కూలబడింది.

"ఆయన ఒప్పుకోకపోతే ఏం చేసేవారక్కా?"

"ఏం సేత్తాను? లేసొచ్చేసేదాన్ని. నాకు ఇల్లు పోయేది, ఆయనకి పరువు పోయేది. ఏది పెద్దదో ఆయనే సూసుకున్నాడు."

డిసెంబరులో కొత్త నేలా కొత్త పైపుతో బండి మలీహా చేరింది. ఒక శుక్రవారం నన్ను రమ్మంటే వెళ్ళాను. మామా చేతికర్రతో నేలమీద టకటకా కొట్టి, గట్టిగా ఉందని నాకు చూపించి పకపకా నవ్వింది. వీరదుర్గ గావా పోసిచ్చింది. అంతలో జేబులో ఫోను మోగితే, తీద్దామని కప్పు కింద పెట్టాను.

ఇద్దరూ మాటలాపేశారు. మామా కర్ర పక్కన పెట్టి ముందుకు వంగింది.

"ఏం కావాలి తమ్ముడూ? సెప్పు" అంది వీరదుర్గ.

ఫోను కోసమని చెప్పబోయాను. ఫోను జేబులోనే ఉంచేశాను. అల్ నహ్దాలో ఒక గదిలో ఆరుగురం ఉంటాం. కౌంటరులో పొద్దస్తమానం ఏం కావాలని అడిగేది నేనే. నన్ను ఆ మాట అడిగి, జవాబు కోసం పని ఆపుకుని కూర్చున్నవాళ్ళు ఈ దేశంలో ఇంతవరకూ లేరు. ఫోను మోగీ మోగీ ఆగిపోయింది.

"వచ్చే శుక్రవారం కూడా రానా అక్కా?" అన్నాను.

"దానికి అడగాలేటి? ముందది తాగు" అంది.

తాగాను.