రాళ్లవాగు దగ్గర మా ఇంటి వంతు

జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా దేవరకొండకు కంపెనీ బస్సు నడుస్తున్న సంగతి చాలామందికి తెలుసు. అందులో ఎక్కదలచినవారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను. నేను మాత్రం ఊళ్లు చూడటానికి పోలేదు. ఫసలీ 1353 షహ్రేవర్ నెలలో, అంటే ఇంగ్లీషు లెక్కన 1944 జులైలో, వానలు పడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం సాయంత్రం మా ఊరి గొర్రెల కాపరి మహబూబ్‌నగర్‌లో నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"పంతులమ్మా, నీ తమ్ముడు ఎల్లయ్య బస్సు ఎనుక నలిగిండు. పానమైతే ఉన్నది. దవాఖానకు తెస్తే దక్కుతడేమో."

నేను ఇక్కడి ఆడపిల్లల బడిలో చదువు చెప్పి, ఇప్పుడు పింఛను తీసుకుంటున్నదాన్ని. ఎల్లయ్య నాకంటే పదకొండేండ్లు చిన్న. ఊరిలోనే ఉండిపోయాడు. ఒక్కగానొక్క కూతురిని అచ్చంపేటకు ఇచ్చాడు. ఇంట్లో ఇక అతనూ, భార్య బుచ్చమ్మానే.

సోమవారం పొద్దున ఆరున్నర రైలుకు బయలుదేరాను. జడ్చర్లకు మూడో తరగతి టికెట్టు రెండణాలు, హాలీ సిక్కా, అంటే నిజాం నాణెంలో. ఏడుంబావుకు దిగాను. బస్సు తొమ్మిదికి అన్నారు గాని కదిలేసరికి పదయింది. యుద్ధం వచ్చినప్పటి నుంచి పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు మీద నడుస్తున్నాయి. బస్సు వెనుక నిలువెత్తు ఇనుప పీపా, దాని అడుగున నిప్పు. డ్రైవరు ఖాజా మియా గంటసేపు రాజేస్తే గాని ఇంజను పలకలేదు. మా ఊరి పక్కనున్న రాళ్లవాగు దాకా టికెట్టు పన్నెండణాలు. తిండి ఇంటి నుంచే తీసుకుపోవడం మంచిది. దారిలో కల్వకుర్తిలో తప్ప ఏమీ దొరకదు.

నా పక్క బెంచీలో షాద్‌నగర్ ఆముదాల వ్యాపారి కూర్చున్నాడు. మర్యాదస్తుడు. తన మూటలోని పేలాలు నాకూ పెట్టాడు. కల్వకుర్తి దాటాక రోడ్డు నున్నగా మారింది. ఆయన కిటికీలోంచి చేయి చాపి చూపించాడు.

"ఈడికెల్లి రోడ్డు మాదేనమ్మా. నాకు పది హిస్సాలున్నయి కంపెనీల."

నలుగురైదుగురు దొరలూ కొందరు వ్యాపారులూ వాటాలు వేసుకొని డబ్బు కూర్చి ఈ ముక్క మీద కంకర పరిచారు. బదులుగా బస్సు నడిపే హక్కు సర్కారు వారికే ఇచ్చింది. ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండ్లు ఈ రోడ్డు ఎక్కకూడదు, కంకర చెదిరిపోతుందట. అవి పక్కనున్న పాత మట్టిదారినే పోవాలి. వానాకాలంలో ఆ దారిలో ఇరుసుదాకా బురద.

"వాగు మీద వంతెన కడతామన్నారు కదా, ఏమయింది?" అని అడిగాను.

"బిరిజి అంటే మాటలా అమ్మా? నాలుగు నెల్ల వానకు గంత పైస ఎవరు పెడతరు? ఊరోళ్లు ఉన్నరు గద గుంజనీకి."

"వాళ్లకేమిస్తారు?"

"ఇచ్చేదేముంది? వాళ్లకు వంతున్నది."

ఈ వంతు అనే మాట ఇక్కడ విప్పి చెప్పాలి. రెండేండ్ల కిందట కంపెనీ మున్షీ మా ఊరికి వచ్చి, రోడ్డులో ఇంటింటికీ వంతు ఉంటుందని చెప్పి పెద్దమనుషుల వేలిముద్రలు తీసుకున్నాడు. వంతంటే వాటా అనుకున్నారు జనం. ఎల్లయ్య కోడిని కోసి వాడంతా పంచాడు. "అక్కా, రోడ్డుల మనకు వంతొచ్చింది" అని నాకు కబురు కూడా పంపాడు. నేనూ వాటా అనే అనుకున్నాను. మొదటి వానకు బస్సు వాగులో దిగబడ్డప్పుడు తెలిసింది, అది వెట్టి వంతని. ఊరిలో నలభై ఇండ్లు. రోజుకు నాలుగిండ్లు, ఇంటికి ఇద్దరు. పది రోజులకొకసారి వంతు తిరిగివస్తుంది.

మూడింటికి రాళ్లవాగు చేరాం. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. ఇసుకలోకి దిగగానే ఇంజను ఆగిపోయింది. ఒడ్డున ఎనిమిదిమంది తాడు పట్టుకొని ఎదురుచూస్తున్నారు. కంపెనీ జమేదారు గొడుగు కింద నిలబడి ఇండ్ల పేర్లు పిలిచి సరిచూసుకున్నాడు. టికెట్టు కొన్నవారు దిగనక్కరలేదని కంపెనీ నియమం. ఎవరూ దిగలేదు. మా ఊరు అవతలి ఒడ్డునే కాబట్టి నేను దిగి నడిచి దాటాను.

ఎల్లయ్య నులకమంచం మీద పక్కకు తిరిగి పడుకొని ఉన్నాడు. గురువారం బస్సు వెనక్కి జారకుండా చక్రం కింద రాయి పెడుతుంటే తాడు తెగిందట. ఆ మండే పీపా అతన్ని బండరాయికి అదిమింది. ఎడమవైపు పక్కటెముకలు లోపలికి పోయాయి, వీపు కాలింది.

"ఆ రోజు మీ వంతు కాదు కదా?" అన్నాను. అంతకుముందు శనివారమే వాళ్ల వంతు అయిందని బుచ్చమ్మ గుమ్మంలోనే చెప్పింది.

"ఈదయ్యకు జరమొచ్చింది అక్కా. ఆని బదులు పోయిన." నవ్వబోయి దగ్గాడు. "కోడిని ఉత్తగ కోసిన."

"నేనప్పుడే అన్న," అంది బుచ్చమ్మ, గంజి కలుపుతూ. "దొరలు మనకు వంతు పంచుడేందని. ఇన్నడా? వాడంత పిల్సిండు. ఓ కాలు గూడ నాకు మిగలలే వదినె."

"ఇయ్యాల్టికి గూడ కోడికాలే యాదికున్నది దీనికి," అన్నాడు ఎల్లయ్య.

బండి కట్టుకొని మట్టిదారిన పోతే జడ్చర్లకు మూడు రోజులు. అతనికి అంత సమయం లేదని ఊపిరి చూస్తేనే తెలుస్తోంది. మంగళవారం బస్సులోనే తీసుకుపోవాలని నిశ్చయించాం.

మంగళవారం బస్సు పదకొండుకు వచ్చింది. మనిషిని పడుకోబెట్టాలంటే వెనుక బెంచీ మొత్తానికి మూడు టికెట్లు కొనాలన్నారు. కొన్నాను. దేవరకొండలో పని చూసుకొని అదే షాద్‌నగర్ వ్యాపారి తిరిగివస్తున్నాడు. ఎల్లయ్య తల కింద పెట్టమని తన దుప్పటి మడిచి ఇచ్చాడు.

రాత్రి వానకు వాగు మోకాళ్ల దాకా పెరిగింది. బస్సు సగందాకా పోయి ఆగింది. జమేదారు గొడుగు తెరిచి ఇండ్లు పిలిచాడు. మూడిండ్లవాళ్లు పలికారు. నాలుగోది ఎల్లయ్య ఇల్లు.

"ఎల్లయ్య బస్సుల పండుకున్నడు దొరా," అన్నారు తాడు దగ్గరివాళ్లు.

"వంతు ఇంటిది. మనిషిది గాదు. ఇద్దరు తక్కువున్నరు."

బుచ్చమ్మ కొంగు నడుముకు చుట్టి దిగింది. నేనూ దిగాను.

"పంతులమ్మా, నీకు టికెట్టున్నది. కూసో," అన్నాడు జమేదారు.

"టికెట్టు నాది. వంతు మా ఇంటిది," అన్నాను.

ఖాజా మియా వెనక్కి తిరిగి, "జర దిగున్రి సాబ్, బరువు తగ్గుతది. లోపల మనిషి పానం మీదున్నది," అన్నాడు. లోపలున్నవారెవరూ బెంచీల మీంచి లేవలేదు. వ్యాపారి తన తెల్ల ధోవతి వైపూ నీళ్ల వైపూ చూశాడు.

"కూసోనియ్యి ఖాజా," అంది బుచ్చమ్మ తాడు భుజానికి వేసుకుంటూ. "సావుకారిదీ వంతే, మాదీ వంతే. ఆయనది కూసునే వంతు, మాది గుంజే వంతు."

తాడు పట్టినవాళ్లు నవ్వారు. వ్యాపారి కూడా నవ్వాడు గాని దిగలేదు. కాళ్ల కింద ఇసుక జారుతోంది. మూడుసార్లు కదిలి మూడుసార్లు వెనక్కి వచ్చింది. జారినప్పుడల్లా లోపలి నుంచి ఎల్లయ్య మూలుగు నాకు వినపడుతూనే ఉంది. ఒడ్డెక్కేసరికి ఒంటిగంట దాటింది.

తడిబట్టలతో అతని దగ్గర కూర్చున్నాం. పెదవుల మీద నురగలో ఎరుపు కనబడింది.

"ఎవలు గుంజిన్రు?" అన్నాడు.

"మనమే," అంది బుచ్చమ్మ.

"ఐతే మన వంతు అయిపాయె గద."

"అయిపాయె. పండుకో."

కల్వకుర్తి ఇంకా రెండు కోసులుందనగా ఊపిరి ఆగిపోయింది. బుచ్చమ్మ అరవలేదు. అరిస్తే అక్కడే దింపేస్తారని తర్వాత నాతో అంది. కల్వకుర్తిలో కండక్టరు చూసి, శవాన్ని ఎక్కించుకోవడం కంపెనీ నియమానికి విరుద్ధమని చెప్పాడు. ఖాజా మియా తానే భుజం పట్టి దింపాడు. వ్యాపారి దుప్పటి వెనక్కి అడగలేదు.

బండి కిరాయికి మాట్లాడి ఊరికి తీసుకుపోయాం. మట్టిదారిన, రెండు చోట్ల చక్రాలు దిగబడుతూ. పక్కనే కంపెనీ రోడ్డు ఖాళీగా, వానకు కడిగినట్టు ఉంది. ఎల్లయ్య ఆ రోడ్డుకు ఎన్ని తట్టల కంకర మోశాడో బండివాడికి తెలుసు. అతనూ మోసినవాడే. "రోడ్డెక్కియ్యల్నా అమ్మా, చూసుకుందాం," అన్నాడు ఒకసారి. బుచ్చమ్మ వద్దంది. నీ ఎడ్లను కట్టేస్తరు, మళ్ల విడిపించుకునుడు నీ తోని కాదు అంది. బుధవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరి, పొద్దు గుంకకముందే మట్టి చేశాం.

గురువారం తిరుగు బస్సుకు వాగు దగ్గరికి వచ్చాను. బుచ్చమ్మ ఒడ్డుదాకా వచ్చింది. జమేదారు ఆమెను చూసి, "విన్న, పాపం," అని, ఆ వెంటనే వచ్చే వంతు ఎప్పుడో గుర్తుచేశాడు. నేను వేళ్ల మీద లెక్క చూశాను. మంగళవారం వంతు అయింది, మంగళవారమే మనిషి పోయాడు. అతని పదకొండో దినమూ, మా ఇంటి వంతూ ఒకే రోజు.

నాలుగిండ్లవాళ్లు తాడు పట్టారు. ఆ రోజు బస్సులో నాతోపాటు ఇంకొక్కరు దిగారు. దేవరకొండ నుంచి వస్తున్న ముసలాయన. ఎందుకు దిగారని నేను అడగలేదు. సాయంత్రం ఆరింటికి జడ్చర్ల చేరి, ఏడుంబావు రైలెక్కి ఇల్లు చేరాను.

ఆ దారిన పోయేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. కంకర బాగుంది. బస్సు ఒక గంట ఆలస్యంగానైనా వస్తుంది. రాళ్లవాగులో ఆగినప్పుడు దిగండి. దిగని మనిషి బరువు కూడా తాడు మీదే పడుతుంది.

వచ్చే వంతుకు మా ఇంటి నుంచి ఇద్దరు కావాలి. బుచ్చమ్మ ఒకతి ఉంది. పదో దినం పొద్దున ఆరున్నర రైలుకు నేను బయలుదేరుతున్నాను.